ఫెస్టీ జాలి

ఫెస్టీ తన ముందున్న పందెం బిళ్ళలన్నిటినీ రెండు చేతులా కూడదీసి బల్ల మధ్యకి తోసేశాడు, ఒక దొంతర కూలి రెండు బిళ్ళలు దొర్లుకుంటూ కాహల్ మోచేతి దాకా వచ్చాయి, ముక్కలు పంచే ఆవిడ వాటిని ఒక్క వేలితో వెనక్కి లాగి, "ఉన్నదంతా పెట్టేశాడు కాహల్, ఇక నీ ఇష్టం, తొందరేం లేదు" అంది. తొందరేం లేదట. ఫిబ్రవరిలో గుండె కోసి కుట్టినప్పటి నుంచీ ఊరంతా కాహల్‌తో అంటున్న మాట అదే, మెట్లెక్కుతుంటే తొందరేం లేదు, కారు తాళం వెతుక్కుంటుంటే తొందరేం లేదు, ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మం దిగుతుంటే ఫాదర్ కూడా చెయ్యి అందించి అదే మాట, అరవై మూడేళ్ళ మనిషిని చెవి విరిగిన కప్పులా రెండు చేతులతో పట్టుకుని నడిపిస్తున్నారు, మర్యాదే, కాదనడానికి లేదు, కానీ తొమ్మిది నెలల మర్యాద ఎవడికైనా వెగటు పుట్టిస్తుంది.

బల్ల మీద ఐదు ముక్కలు మొహం చూపిస్తూ పడి ఉన్నాయి, ఆటీన్ రాజు, కళావర్ తొమ్మిది, ఆటీన్ ఆరు, డైమన్ రెండు, ఇప్పుడే చివరగా పడ్డ ఆటీన్ జాకీ, అంటే ఆటీన్లు మూడు, ఫెస్టీ చేతిలో ఇంకో రెండు ఆటీన్లుంటే ఐదూ ఒకే రంగు, ఇక మాట్లాడటానికి ఏమీ ఉండదు. కాహల్ చేతిలో ఉన్నవి ఇస్పేట్ తొమ్మిది, ఇస్పేట్ ఎనిమిది. ఏతావాతా ఒక తొమ్మిదుల జత, అంతే, ఇంత పెద్ద పందేనికి ఎదురు నిలబడే చెయ్యి కాదది. పొద్దున పదింటికి ఈ హోటల్ మేడ మీద, పెళ్ళి విందులు జరిగే హాల్లో తొంభై నాలుగు మంది కూర్చున్నారు, మేయో జిల్లాలో ఇంతకన్నా పెద్ద ఆట ఏడాదికి ఒకటో రెండో, ఫుట్‌బాల్ క్లబ్బు గదుల పైకప్పు కోసం ఈ పోటీ, ఆ పైకప్పు వేయబోయేది కూడా ఫెస్టీయే, పలకరాళ్ళ కప్పు వేయడం వాడి వృత్తి, వాడి కూలికి వాడే చందా కట్టి ఆడుతున్నాడని అందరూ నవ్వారు. ఇప్పుడు నాలుగు దాటింది, కిటికీ అవతల వాన, తొంభై రెండు మంది ఓడిపోయారు, మిగిలింది ఇద్దరు, ఒకే వీధిలో పుట్టిన ఇద్దరు. గెలిచినవాడి పేరు క్లబ్బు గోడ మీద చెక్కిస్తారు, ఈస్టర్‌కి డబ్లిన్‌లో జరిగే పెద్ద పోటీలో కుర్చీ ఇస్తారు. అవి కావాలా అంటే కావాలి, కాహల్ సన్యాసి కాదు. కానీ అతను తేల్చుకోవాల్సింది అది కాదు, ఈ బిళ్ళలు ఫెస్టీ ఎందుకు తోశాడన్నది, తనని దెబ్బతీయడానికా, తనకి దానం చేయడానికా.

ఎందుకంటే దానం చేయాలంటే ఇంతకన్నా సులువైన దారి లేదు, ఏమీ లేని చెయ్యితో ఉన్నదంతా మధ్యకి తోసెయ్యడం, అవతలివాడు ఆ పందేనికి సమానంగా పెట్టి కాల్ అంటే చాలు, ఆట అయిపోతుంది, జనం చప్పట్లు కొడతారు, పాపం ఫిబ్రవరిలో చావు తప్పించుకున్నాడు చూడండి ఇవాళ ఎలా గెలిచాడో అంటారు, భార్య అట్రాక్టా కాహల్ ఫోటో తీసి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తుంది, తను పాల కోసం ఆ తలుపు తీసినప్పుడల్లా సిగ్గుతో చావాలి. అట్రాక్టాది తప్పని అనలేడు, గాల్వే ఆసుపత్రిలో మత్తు వదిలి కళ్ళు తెరిచినప్పుడు ఆవిడ మొహం చూశాడు, ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఎన్నడూ చూడని మొహం, రాత్రికి రాత్రే పదేళ్ళు మీదపడ్డ మొహం, అప్పుడే అనుకున్నాడు ఇక ఈ మనిషి ఏం చెప్పినా వింటానని, విన్నాడు కూడా, వెన్న మానాడు, నిచ్చెన ఎక్కడం మానాడు, కానీ ఆవిడ తనతో ఊరుకోకుండా గురువారాలు తనతో పేకాడే ఫెస్టీకీ నొరీన్‌కీ కూడా, అతన్ని ఉద్రేకపెట్టొద్దని చెప్పిందన్న సంగతి తనకి సెప్టెంబరు దాకా తెలియలేదు.

సెప్టెంబరు, గురువారం, నొరీన్ వంటింటి బల్ల, ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే ముగ్గురు, ఎప్పుడైనా చుట్టం చూపుగా వచ్చే నాలుగోవాడు. తను చిన్న పందెం పెంచాడు, ఫెస్టీ నిట్టూర్చి ముక్కలు బోర్లా పారేశాడు, మళ్ళీ పంచడం తన వంతు, అన్నీ పోగుచేసి కలుపుతుంటే ఫెస్టీ పారేసిన రెండు ముక్కలూ జారి వెల్లకిలా పడ్డాయి, రాజు, రాజు. చేతిలో రెండు రాజులు పెట్టుకుని పిసరంత పందేనికి పారిపోయేవాడు ఈ దేశంలో లేడు. తను ఏమీ చూడనట్టే ఆ రెంటినీ కట్టలోకి దూర్చేశాడు, కలిపాడు, పంచాడు, ఇంటికి పోయి మంచం మీద పడుకుని వెనక్కి లెక్కపెట్టుకున్నాడు, మే, జూన్, జులై, ఆగస్టు, తను గెలిచిన చేతులన్నీ, తను తెలివితేటలు అనుకున్నవన్నీ, నొరీన్ అంతటిది కూడా తనకి భయపడి తప్పుకుంటోందని లోలోపల మురిసినవన్నీ, ఒక్కొక్కటే చప్పబడిపోయాయి. పశువుల మార్ట్‌లో కూడా అంతే కదా, ముప్పై ఏళ్ళు అక్కడ వేలం వేసినవాణ్ణి, ఎత్తు పీట మీద నిలబడి గొంతు చించుకుని నిమిషానికో పెయ్యని అమ్మినవాణ్ణి, ఆపరేషన్ అయ్యాక తిరిగి వెళితే మేనేజరు భుజం తట్టి కింద కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు, పశువుల చెవిపోగుల మీది నంబర్లు సరిచూసే పని, కూర్చునే చేసుకోవచ్చు కాహల్ అన్నాడు. సరే అన్నాడు తను. ఇంట్లో సరే, మార్ట్‌లో సరే, ఇక మిగిలింది గురువారం బల్ల ఒక్కటే అనుకుంటే అక్కడా ఇదే బాగోతం.

అందుకే ఇవాళ మధ్యాహ్నం తిండి విరామంలో ఇద్దరినీ కారు పార్కింగులోకి పిలిచాడు. వానచినుకులు పడుతున్నాయి, ముగ్గురూ చూరు కింద నిలబడ్డారు, ఫెస్టీ చేతిలో హామ్ సాండ్‌విచ్, నొరీన్ చేతిలో టీ.

"ఇద్దరూ వినండి. ఇవాళ మీలో ఎవరికి ఎదురుపడినా సరే, నన్ను ఊరికే వదిలేశారో, గురువారం ఆటలో మళ్ళీ నా మొహం చూడరు. మాటవరసకి అనటం లేదు."

"అట్రాక్టా మా చేత ఒట్టు వేయించుకుంది" అంది నొరీన్. "నా వంటింట్లోనే, నన్ను గోడకి ఆనించి మరీ. నేనేం చెయ్యను?"

"నలభై ఏళ్ళు బడి నడిపినదానివి, నా పెళ్ళానికి భయపడ్డావా?"

"నువ్వు భయపడవేంటి?"

ఫెస్టీ మాత్రం ఔననలేదు, కాదనలేదు, సాండ్‌విచ్ నమిలాడు, దాని అంచులు తీసి చెత్తడబ్బాలో పడేశాడు, లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత నొరీన్ ఐదో స్థానంలో ఓడింది, ఓడించింది కాహలే, రెండు జతలతో, పోతూ పోతూ ఆవిడ అతని మీద విసుక్కుని మరీ వెళ్ళింది కాబట్టి ఆవిడ సంగతి తేలిపోయింది, ఆవిడ నిజంగానే ఆడింది. ఇప్పుడు చూసేవాళ్ళని ఆపడానికి కట్టిన తాడు అవతల చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తేలనిది ఫెస్టీ సంగతే.

ఫెస్టీకి ఇంకో బరువుంది, అది అట్రాక్టాకి తెలియదు. ఫిబ్రవరి గురువారం, ఆరోజు కాహల్ చేతిలో రాణుల జత, బల్ల మీద ఇంకో రాణి, వెరసి మూడు రాణులు, ఫెస్టీ పందేన్ని ఒక్కసారిగా నాలుగింతలు పెంచి వెనక్కి వాలి చేతులు తల వెనక పెట్టుకున్నాడు, తనకి దవడ దగ్గర లాగింది, తర్వాత భుజం, ఇది మూడు రాణుల సంబరం అనుకున్నాడు వెర్రివెధవ, కాల్ అందామని నోరు తెరిస్తే మాట రాలేదు, నేల వచ్చి మొహానికి తగిలింది. అంబులెన్సు నలభై నిమిషాలు పట్టింది, ఫెస్టీ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని తన చెయ్యి పట్టుకుని ప్రార్థన చదివాడు, సగం మరిచిపోయి మొదటి సగమే మళ్ళీ మళ్ళీ చదివాడు. స్పృహలో ఉన్నంతసేపూ తనకి ఉన్న దిగులు ఒక్కటే, ఆ ఆట ఎవరిదో తేలలేదని, ఎందుకంటే కంగారులో నొరీన్ ముక్కలన్నీ కలిపేసింది, ఫెస్టీ దగ్గర ఏముందో ఇప్పటికీ వాడు చెప్పడు. ఆసుపత్రికి ద్రాక్షపళ్ళ సంచీతో వచ్చాడు, గుమ్మంలోనే నిలబడ్డాడు, టోపీ చేతిలో నలుపుతూ, "నేను పెంచకుండా ఉండాల్సిందిరా" అన్నాడు. తనకి నవ్వొచ్చింది, నవ్వితే కుట్లు లాగాయి, నొప్పికి మొహం చిట్లించాడు, ఆ చిట్లింపు చూసి వాడు ఇంకోలా అర్థం చేసుకుని ఉంటాడు, ద్రాక్షపళ్ళు కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఇవాళ్టి దాకా ఫెస్టీ కాహల్ మీద పందెం పెంచలేదు. ఒక్కసారి కూడా. తొమ్మిది నెలలు.

ఈ ఫెస్టీయేనా, ఫుట్‌బాల్ శిక్షణలో ఒకే జట్టువాడైన కాహల్ ముక్కు విరగ్గొట్టి, బంతి నాది అని తప్ప ఇంకో మాట అననివాడు, ఎనభై మూడులో, ఆ ముక్కు ఇప్పటికీ ఎడమకి తిరిగే ఉంది, పెళ్ళి ఫోటోలో కూడా. నాన్నని పూడ్చిన వారం తను దిక్కులేనట్టు తిరుగుతుంటే వచ్చి బలవంతాన బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆ సాయంత్రం తన జేబు మొత్తం ఖాళీ చేసినవాడు, ఒక్క చెయ్యి వదల్లేదు, ఒక్క పందెం తగ్గించలేదు, లేచేటప్పుడు కోటు తొడుక్కుంటూ, "మూడు గంటలపాటు మీ నాన్న గుర్తుకు రాలేదు కదా" అన్నాడు, నిజమే, రాలేదు, ఆ వారంలో తను ఊపిరి తీసుకున్న మూడు గంటలు అవే. ఓదార్పు మాటలు చెప్పినవాళ్ళ పేర్లు ఒక్కటీ గుర్తులేవు. దెబ్బ కొట్టినవాడే దగ్గరివాడు అని తను అప్పుడు అర్థం చేసుకున్నాడు, అట్రాక్టాకి ఎన్నిసార్లు చెప్పినా ఇది అర్థం కాదు, ఆవిడకి అక్కచెల్లెళ్ళు ఐదుగురు, వాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుంటారు.

"కాహల్" అంది ముక్కలు పంచే ఆవిడ మెల్లగా, "మంచినీళ్ళు కావాలా?" వద్దని తలూపాడు. చేతికున్న గడియారం కింద నాడి కొట్టుకోవడం తెలుస్తోంది, గట్టిగానే కొట్టుకుంటోంది, బాగానే కొట్టుకుంటోంది, డాక్టరు చెప్పనే చెప్పాడు గుండెకి వేసిన కొత్త గొట్టాలు ఇంకో ఇరవై ఏళ్ళు వస్తాయని, వినేవాళ్ళు ఉండాలి గానీ. ముక్కలు పారేస్తే? పారేస్తే ఇంకా ఆటలో ఉంటాడు, బిళ్ళలు ఉన్నాయి, ఎవరూ తప్పు పట్టరు, తొమ్మిదుల జత పారేయడం తెలివైన పనే. కానీ అప్పుడు ఫెస్టీ ముక్కలు కట్టలో కలిసిపోతాయి, ఫిబ్రవరిలోలాగే, ఎప్పటికీ తెలియకుండా, అనుమానం పెట్టుకుని గురువారం ఆ బల్ల దగ్గర కూర్చోలేడు. కాల్ అంటే, వాడి దగ్గర ఆటీన్లుంటే, ఓడతాడు, పిడికెడు బిళ్ళలు మిగులుతాయి, ఆ ఓటమికి బాధ లేదు, నిజంగా ఆడి ఓడించాడు కాబట్టి. కాల్ అంటే, వాడి దగ్గర ఏమీ లేకపోతే, గెలుస్తాడు, అప్పుడు ఆ గెలుపు ఏ రకందో చూసుకోవాలి. భయం ఓటమికి కాదు, గెలుపుకే, ఇంత తిక్క పరిస్థితి ఏ పేకాటగాడికీ వచ్చి ఉండదు.

చూడు, ముప్పై ఏళ్ళు ఏం చేశావు, మొహాలు చూశావు, అదే కదా నీ పని. మార్ట్‌లో రైతులు నోరు విప్పి పాట పెంచరు, ఒకడు టోపీ అంచు తాకుతాడు, ఒకడు కర్రతో కమ్మీని తడతాడు, ఒకడు కనురెప్ప ఆర్పుతాడు, నిజంగా పెయ్య కావలసినవాడు దాన్ని చూడనే చూడడు, పైకప్పు చూస్తాడు, బూటు మట్టి చూస్తాడు. వదులుకోవడానికి సిద్ధపడ్డవాణ్ణి కూడా కాహల్ దూరం నుంచే పసిగడతాడు, వాడి భుజాలు కిందికి జారతాయి, వాడు పక్కవాడితో కబుర్లు మొదలుపెడతాడు, ఇవ్వదలుచుకున్నవాడికి బిగువు ఎందుకు. సెప్టెంబరులో ఆ రాజులు పారేసినప్పుడు ఫెస్టీ నిట్టూర్చాడు, బిస్కెట్టు తీసుకున్నాడు, వాన గురించి మాట్లాడాడు. మరి ఇప్పుడో. ఇప్పుడు ఫెస్టీ గుంజలా కూర్చున్నాడు. ముక్కల వీపు మీద బొటనవేలు నొక్కిపెట్టాడు, గోరు తెల్లబడింది. మెడ మీద ఎరుపు కాలరు దాటి పైకి పాకుతోంది. ఇద్దరి మధ్యా నాలుగడుగుల బల్ల, వాడు ఊపిరి తీసుకోవడం కనబడటం లేదు. కళ్ళు కాహల్ వైపు లేవు, బల్ల మీద ఉన్న జాకీ వైపూ లేవు, కాహల్ తల వెనక ఉన్న గోడ గడియారం మీద ఉన్నాయి, బూటు మట్టి చూసే రైతు చూపు అచ్చంగా అది.

వీడికి ఇది కావాలి. వీడు నా దగ్గర నుంచి ఇది లాక్కోవాలని చూస్తున్నాడు. ఆ ఎరుక ఛాతీలో కుట్ల మచ్చ కింద నుంచి వెచ్చగా పైకి లేచింది, ఒక్క క్షణం కాహల్‌కి బల్ల మీద ముక్కలేవో కూడా గుర్తులేకపోయింది, సంతోషం, ఉత్త సంతోషం, తొమ్మిది నెలల్లో మొదటిసారి ఒక మనిషి తనని ఎదుటి మనిషిగా చూశాడు, ముంచేద్దామని చూశాడు, ఆసుపత్రి గుమ్మంలో టోపీ నలిపినవాడు ఇప్పుడు ఇదే ఆటలో మూడుసార్లు పెంచాడు, తొమ్మిది పడ్డప్పుడు పెంచాడు, రెండు పడ్డప్పుడు పెంచాడు, ఇప్పుడు ఉన్నదంతా తోశాడు, పెంచిన ప్రతిసారీ వాడి కళ్ళ ముందు ఆ వంటింటి నేల కనబడి ఉండదా, అయినా పెంచాడు, కారు పార్కింగులో సాండ్‌విచ్ నమిలి నమిలి వీడు తేల్చుకున్నది ఇదన్నమాట. గెలిచినా ఓడినా ఇక బెంగ లేదు అనుకున్నాడు, వెంటనే ఆ మాట అబద్ధమని తెలిసింది, ఎందుకంటే బెంగ తీరగానే గెలవాలని ఉంది, విపరీతంగా గెలవాలని ఉంది, ఇరవై ఏళ్ళవాడిలా వీడి మెడ వంచాలని ఉంది.

అయితే ఆడు. ఆటీన్లా, బ్లఫ్ఫా, ఉత్త బెదిరింపా. ఫెస్టీ దగ్గర నిజంగా సరుకుంటే ఏం చేస్తాడు, ఇరవై రెండేళ్ళ గురువారాలు తెలియనివా, ఆశపోతు, పైకప్పు బేరంలో కూడా ఆఖరి మేకు దాకా లెక్కపెడతాడు, పెద్ద చెయ్యి పడితే చిన్న పందెం కాసి ఎదుటివాణ్ణి మెల్లగా లోపలికి లాగుతాడు, చేప పారిపోతుందేమోనని గాలం కూడా కదపడు. ఉన్నదంతా తోసేది ఎప్పుడంటే, ఎదుటివాడు వెళ్ళిపోవాలని కోరుకున్నప్పుడే. ఇప్పుడు వీడు నేను వెళ్ళిపోవాలని కోరుకుంటున్నాడు. ఆటీన్ ముక్క పడగానే, అది పడ్డ మరుక్షణం తోశాడు, ఆలోచించనే లేదు, నిజంగా ఆ ముక్కతో రంగు కుదిరినవాడు ఒక్కసారి, కనీసం ఒక్కసారి, తన చేతిలోవి మళ్ళీ చూసుకుంటాడు, అవునా కాదా అని, వీడు చూసుకోలేదు, చూసుకోవడానికి అక్కడ ఏమీ లేదు. కాహల్ తొమ్మిదుల జత వైపు చూశాడు, ఇంత బీద చెయ్యి మీద తను ఇంత ప్రేమ ఎన్నడూ పెంచుకోలేదు.

"కాల్" అన్నాడు. మార్ట్‌లో పాట ముగించి కొట్టేసే గొంతుతో, హాలు చివరి దాకా వినబడేట్టు అన్నాడు.

ఫెస్టీ ముక్కలు తిప్పాడు, కళావర్ ఏడు, డైమన్ ఐదు, బల్ల మీద ఉన్న ఏ ముక్కతోనూ పొత్తు లేని రెండు అనాథలు. కాహల్ తన తొమ్మిది చూపించాడు. తాడు అవతల కేక లేచింది, నొరీన్ చప్పట్లు కొడుతోంది, ఎవరో వీపు మీద చరచబోయి చెయ్యి మధ్యలోనే ఆపుకున్నారు, అవేవీ కాహల్‌కి పట్టలేదు, ఎందుకంటే ఏడు, ఐదు, దానం ఇచ్చేవాడి చేతిలో ఉండేవి కూడా సరిగ్గా ఇవే, మొహం చదవడంలో తను పొరబడి ఉంటే, ఈ తొమ్మిది నెలల్లో ఆ విద్య కూడా పోయి ఉంటే, అనుకుంటూ ఫెస్టీ వైపు చూశాడు, వాడు చిరునవ్వు నవ్వితే అయిపోయినట్టే, లేచి చెయ్యి కలిపి శభాష్‌రా అంటే ఇక ఈ స్నేహానికి నమస్కారం పెట్టుకోవాల్సిందే.

"తొమ్మిదులా?" అన్నాడు ఫెస్టీ.

మొహం గోడకి వేసిన ఎర్ర రంగులా ఉంది. లేచి నిలబడ్డాడు, కుర్చీ వెనక్కి పడింది, దాన్ని ఎత్తలేదు.

"తొమ్మిదులు పట్టుకుని కాల్ అన్నావా? మూడు ఆటీన్లు అక్కడ పడి ఉంటే? రాజు కనబడలేదా, జాకీ కనబడలేదా? గుండెతో పాటు కళ్ళు కూడా కోసి కుట్టారా నీకు ఆసుపత్రిలో?"

"ఫెస్టీ, చెయ్యి కలుపు, జనం చూస్తున్నారు" అంది నొరీన్.

"చూడనీ. మూడుసార్లు పెంచాను నొరీన్. మూడుసార్లు. మెదడున్న ఏ వెధవైనా ఆ ముక్కలు విసిరేసి పోతాడు. పోటీ నా చేతిలో ఉంది. డబ్లిన్ నా చేతిలో ఉంది. ఈ మొండి శనిగాడు ఒక్క తొమ్మిది పట్టుకుని, పాట పాడినట్టు..." ఆవేశంతో మాట తడబడింది, కుర్చీని కాలితో ఒక్కటి తన్నాడు. కళ్ళలో తడి ఉంది, ఓడినవాడి తడి, ఇందులో నటన ఎక్కడా లేదు, ఫెస్టీకి అసలు నటించడం వస్తే ఈ చెయ్యి గెలిచి ఉండేవాడు.

కాహల్ కదలకుండా కూర్చుని ఆ తిట్లన్నీ విన్నాడు, ఒక్కటి కూడా జారవిడవకుండా, వానలో తడిసి వచ్చినవాడు పొయ్యి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు, గుండె ఛాతీలో దబదబ కొట్టుకుంటోంది, కొట్టుకోనీ అనుకున్నాడు, దానికి మాత్రం సంబరం ఉండదా. గెలిచాను, వీణ్ణి గెలిచాను, వీడు గెలవాలని చూస్తుండగా గెలిచాను. ముక్కలు పంచే ఆవిడ బిళ్ళలన్నీ అతని వైపు తోస్తోంది, కొన్ని ఒడిలో పడ్డాయి.

"అయిందా, ఇంకేమైనా ఉందా?" అన్నాడు.

"ఉంది" అన్నాడు ఫెస్టీ, బల్ల మీదికి వంగి వేలు అతని ముక్కు దాకా తెచ్చి. "గురువారం రా. చొక్కాతో సహా ఊడబెరికి ఇంటికి పంపిస్తాను. నీ పెళ్ళాం వచ్చి కాళ్ళు పట్టుకున్నా వదలను."

"ఎన్నింటికి?" అన్నాడు కాహల్, ఇరవై రెండేళ్ళుగా ఎనిమిదింటికే మొదలవుతున్న ఆట గురించి.